ఒకే ట్రిప్పు మేస్త్రి

నేను బట్టలు కుడతాను. మా వీధిలో ఎవరి భుజం ఎంతో, ఎవరి పొట్ట ఎప్పటి నుంచి పెరగడం మొదలుపెట్టిందో నాకు తెలిసినంతగా వాళ్ళ ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. కొలతలకి వచ్చినవాళ్ళు పొట్ట లోపలికి పీల్చి, ఛాతీ విరుచుకుని నిలబడతారు. నేను తొందరపడను. నాలుగు కబుర్లు చెబితే ఊపిరి వదిలేసి వాళ్ళే దొరికిపోతారు.

మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరూ వడ్రంగులే. మామగారు పని మానేసి చాలా కాలమైంది. ఆయన కుడి భుజం ఎడమదానికంటే బాగా కిందికి దిగి ఉంటుంది. ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. రోజూ పొద్దున్నే మా ఆయన పనికి వెళ్ళే ముందు తండ్రికి చొక్కా తొడిగి వెళ్తాడు. అందుకు మామగారు చిన్నబుచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ భుజమంటే ఆయనకి గర్వం.

"ఇది వడ్రంగి భుజం అమ్మాయ్," అనేవారు, ఎవరూ అడక్కపోయినా. "సంచి మోసిన భుజం. రెండు భుజాలూ సమానంగా ఉన్నాయంటే వాడు కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పేవాడన్నమాట."

ఆయన చొక్కాలకి కుడి పక్క లోపల చిన్న మెత్త పెట్టి కుడతాను. వేసుకుంటే రెండు వైపులా సరిగ్గా కనబడుతుంది. మొదటిసారి అద్దంలో చూసుకుని, "నన్ను గుమాస్తాని చేసేశావే!" అని దెబ్బలాడారు. మళ్ళీ ఏ పెళ్ళికి వెళ్ళాలన్నా ఆ చొక్కాయే వెతుక్కుంటారు.

ఒకరోజు మా ఆయనకి చొక్కా కత్తిరించడానికి కొలతలు తీస్తున్నాను. కుడి భుజం దగ్గర టేపు నిలవలేదు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే.

"ఏంటి, అన్నిసార్లు కొలుస్తున్నావు? పెరిగానా?" అన్నాడు.

"పెరగలేదు, కుంగావు," అన్నాను. "కుడి భుజం దిగిపోతోంది."

ఆయన నవ్వి, లోపలికి వినబడేలా, "నాన్నా, నాక్కూడా వచ్చేసిందట!" అని కేకేశాడు. మామగారు గదిలోంచి బయటికొచ్చి, కొడుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పసిపిల్లకి మొదటి పన్నొచ్చినట్టు సంబరపడిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కత్తెర బల్ల మీద విసురుగా పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. నేనెందుకు వెళ్ళానో ఆ ఇద్దరిలో ఒక్కరికీ తెలియలేదు.

మా ఆయన్ని పనివాళ్ళందరూ "ఒకే ట్రిప్పు మేస్త్రి" అంటారు. తలుపులు, కిటికీలు బిగించడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. అయితే ఆ పేరు అందుకు రాలేదు. పని చెయ్యాల్సిన ఇల్లు ఎన్నో అంతస్తులో ఉన్నా, లిఫ్టు ఉన్నా లేకపోయినా, సామానంతా ఒకేసారి పైకి మోసుకుపోతాడు. రెండోసారి కిందికి దిగడు. కుడి భుజానికి సంచి, ఎడమ చేతిలో డ్రిల్లింగ్ మెషిను పెట్టె, చంకలో మట్టం చూసే కర్ర, ప్యాంటు వెనక జేబులో ఉలి. ఆ ఉలి సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "కూర్చునే ముందు తీసేస్తాగా," అంటాడు. కూర్చోవడం సరే, కాలు జారితే ముందు ఉలి తీసి పక్కన పెట్టి అప్పుడు పడతావా మహానుభావా అని మనసులో అనుకుని, పైకి కూడా అన్నాను.

సంచి పట్టీ ఊడివచ్చిందని ఓ ఆదివారం నా మిషను దగ్గర పడేశాడు. అది మామగారు వాడిన సంచే. ముతక గుడ్డ, ఒకటే పట్టీ. బల్ల మీదికి ఎత్తుదామని లాగితే కదల్లేదు. నేల మీదే కూర్చుని ఖాళీ చేశాను. సుత్తులే మూడున్నాయి. ఎవరింటివో తెలియని తాళం చెవులున్నాయి. పాత తలుపుల నుంచి ఊడదీసిన మడత బందులు, వంగిన మేకులు, అరిగిపోయిన బ్లేళ్ళు ఉన్నాయి. అడుగున మామగారి ఇనప చిత్రిక ఉంది. చెక్క నునుపు చెయ్యడానికి ఇప్పుడు ఈయన దగ్గర కరెంటు మెషిను ఉంది, ఆ చిత్రికని ముట్టుకున్న పాపాన పోడు. అయినా అది రోజూ మా ఆయన భుజమెక్కి ఊరేగి వస్తోంది.

"ఇవన్నీ ఎందుకు?" అన్నాను.

"అవసరం పడొచ్చు."

"వంగిన మేకు ఎవరికి అవసరం?"

"తిన్నగా చేసుకోవచ్చు," అన్నాడు. అంత తెలివైన మనిషి అంత తెలివితక్కువ మాట ఎంత ధీమాగా అన్నాడో చెప్పలేను.

సంచి మూల తడుముతుంటే ఉలి అంచు నా బొటనవేలికి దిగింది. సంచిలో ఒక్క ఉలికీ తొడుగు లేదు. వేలికి గుడ్డ చుట్టుకుని కూర్చుంటే అప్పుడు మామగారు నా పక్కకొచ్చి, ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. ఆయన వయసులో ఉండగా పెద్ద మేడలో పనికి వెళ్ళారట. బరువెక్కువై సంచి ఒకసారి పైన పెట్టి వచ్చి, రంపాలూ చిత్రికలూ ఉన్న పెట్టె రెండోసారి తీసుకెళ్దామని మెట్ల కింద వదిలారు. దిగి వచ్చేసరికి పెట్టె లేదు. అందులో ఉన్నవన్నీ వాళ్ళ నాన్న చేతి పనిముట్లు. ఈ చిత్రిక ఒక్కటి మాత్రం సంచిలో ఉండి మిగిలింది.

"ఆ రోజు నుంచి ఒకటే మాట అమ్మాయ్. పనిముట్టు కంటికి దూరం కాకూడదు. మోయగలిగినా, మోయలేకపోయినా, ఒకేసారి పైకి. వాడికీ అదే నేర్పాను."

ఆయన మీద కోపం పెట్టుకుందామనుకున్నాను. పెట్టుకోలేకపోయాను. పనిముట్లు పోయిన మనిషి ఆ సాయంత్రం ఇంటికి ఎలా నడిచి వచ్చి ఉంటాడా అని ఆలోచిస్తూ పట్టీ కుట్టేశాను. గట్టిగానే కుట్టాను. అదే నేను చేసిన పొరపాటేమో, పట్టీ తెగి ఉంటే సంచి కింద పడేది, మా ఆయన భుజం మిగిలేది.

కొన్నాళ్ళకి మా ఆయన ఎడమ చేత్తో తల దువ్వుకోవడం చూశాను. ఏమైందని అడిగితే, "ఊరికే, మార్పు కోసం," అన్నాడు. తల దువ్వుకోవడంలో మార్పు కోరుకునే మనిషి కాదాయన. పడుకునేటప్పుడు కుడి పక్కకి తిరగడం మానేశాడు. పై అరలో డబ్బా అందుకోమంటే, స్టూలు ఎక్కి ఎడమ చేత్తో తీశాడు. నేను చూస్తున్నానని తెలిసి ఈల వెయ్యడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత ఓ మధ్యాహ్నం, పనిచేసే చోటు నుంచి ఇద్దరు మనుషులు ఆయన్ని ఇంటికి తీసుకొచ్చారు. మెట్లెక్కుతుంటే సంచి భుజం మీంచి జారిందట. రెండో చేతిలో మెషిను పెట్టె, చంకలో కర్ర. సంచి పోనిస్తే పోయేది. పోనివ్వకుండా మోచేత్తో పట్టీని ఆపాడు. మొత్తం బరువు ఆ చేతిని వెనక్కి గుంజేసింది. లోపల ఏదో చిరిగినట్టయిందని చెప్పాడు. సంచిలోంచి ఉలి ఒకటి ఎగిరి మెట్ల మీద నుంచి కిందిదాకా దొర్లింది. ఆ సమయానికి కింద నుంచి ఎవరూ ఎక్కి రావడం లేదు కాబట్టి సరిపోయింది. మొహం పాలిపోయి, చెయ్యి పొట్టకి ఆనించుకుని కుర్చీలో కూర్చున్న మనిషి నాతో అన్న మొదటి మాట, "సంచి తెచ్చారా?"

డాక్టరు చూసి, కండ కొంచెం చిరిగిందనీ, కోత అక్కర్లేదనీ చెప్పి ఫిజియోథెరపీకి పంపాడు. అక్కడున్న అమ్మాయి నెమ్మదస్తురాలు. ఆయన చేతిని పసిపిల్లాడి చేతిలా పట్టుకుని ఎంత వరకు లేస్తుందో చూసింది. సంచి గురించి అడిగింది. బరువంతా ఒకే పక్క వేలాడితే ఒళ్ళు రెండో పక్కకి ఒరిగి, రోజంతా భుజాన్నీ నడుమునీ లాగుతూనే ఉంటుందని చెప్పింది. బరువు రెండు భుజాల మీద, వీపుకి ఆనుకుని ఉండాలి. ఆ రోజు పనికి కావలసినవే తీసుకెళ్ళాలి. ఎక్కువైతే రెండుసార్లు మోసుకోవాలి. కింద నుంచి ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచాలి. పదునైనవాటికి తొడుగుండాలి, జేబులో అసలు పెట్టకూడదు.

మా ఆయన అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. నాకు ఆ తలూపడం తెలుసు. నేను చెప్పినప్పుడు కూడా అలాగే ఊపుతాడు.

"ఊపితే చాలదు," అన్నాను ఆ అమ్మాయితో. "మానకపోతే ఏమవుతుందో అది చెప్పు తల్లీ."

ఆ అమ్మాయి ఆయన మొహంలోకి చూసి, "ఇంకోసారి ఇలా గుంజుకుపోతే ఈ చెయ్యి ఇంకెప్పటికీ తల మీదికి లేవకపోవచ్చండీ," అంది.

తలుపు బిగించేవాడికి చెయ్యి తల మీదికి లేవకపోతే, పై బందు ఎవరు బిగిస్తారు? మా ఆయనకి వేరే పని రాదు. వచ్చినా ఇష్టముండదు. బిగించిన తలుపుని ఒక్క వేలితో తోసి, అది చప్పుడు లేకుండా వెళ్ళి మూసుకుంటే ఆయన మొహంలో వచ్చే వెలుగు నేను చూశాను. పెళ్ళికి ముందు మా పుట్టింటి తలుపు బిగించడానికి వచ్చినప్పుడే చూశాను, ఒప్పుకున్నది కూడా అందుకే. ఆ చెయ్యి పోతే పోయేది సంపాదన ఒక్కటే కాదు.

ఆయన ఇంట్లో ఉన్న రోజుల్లో నేను కొత్త సంచి కుట్టాను. డేరాల గుడ్డ తెప్పించాను. రెండు భుజాలకీ రెండు వెడల్పు పట్టీలు, లోపల మెత్త, నడుముకి బెల్టు. బరువైనవి వీపు వైపు ఉండేలా లోపల అరలు పెట్టాను. పాత జీన్సు ప్యాంటు కత్తిరించి, ప్రతి ఉలికీ రెండు పొరల తొడుగు కుట్టాను. రంపానికి పొడుగు తొడుగు, దానికి బొత్తాం. నా జన్మలో ఏ పెళ్ళికూతురి బట్టలూ అంత శ్రద్ధగా కుట్టలేదు.

పనికి మళ్ళీ వెళ్ళే రోజు పొద్దున్న దాన్ని తెచ్చి ముందు పెట్టాను. ఊరి చివర కొత్త మేడలో తలుపులు బిగించే పని ఒప్పుకున్నాడు. పని పై అంతస్తులో. లిఫ్టు ఇంకా పెట్టలేదు.

"బాగుంది," అన్నాడు. "చాలా బాగుంది." తర్వాత నీళ్ళు నమిలాడు. "కానీ... వీపుకి తగిలించుకుని వెళ్తే అందరూ నవ్వరూ? నేనేమన్నా బళ్ళోకెళ్తున్నానా?"

"అందులో అన్నీ ఎక్కడ పడతాయిరా?" అన్నారు మామగారు, మంచం మీద నుంచి. "సగం కూడా పట్టవు. మిగతావి కింద పెడితే ఎవడో ఎత్తుకుపోతాడు."

మా ఆయన పాత సంచి వైపు చూశాడు. అప్పటికే అది గోడ పక్కన నిండుగా కూర్చునుంది. రాత్రే సర్దేసుకున్నాడు. నేను వెళ్ళి మిషను ముందు కూర్చున్నాను. కుట్టడానికేమీ లేదు, ఊరికే కూర్చున్నాను.

ఆయన చొక్కా వేసుకుంటున్నాడు. ఎడమ చెయ్యి దూరింది. కుడి చెయ్యి వెనక్కి వెళ్ళి చొక్కా చేతిని అందుకోలేక ఆగిపోయింది. పళ్ళు బిగించి మళ్ళీ ప్రయత్నించాడు. నేను లేవలేదు. దెబ్బ తగిలిన దగ్గర్నుంచి రోజూ నేనే తొడిగాను. ఆ రోజు కావాలనే లేవలేదు.

"ఉండరా," అంటూ మామగారు లేచి వచ్చారు. కొడుకు వెనక నిలబడి, చొక్కా పట్టుకుని భుజం మీదికి ఎత్తబోయారు. ఆయన చెయ్యి ఎంత వరకు లేవాలో అంత వరకే లేచింది. కొడుకు చెయ్యి అందుకోవలసిన చోటుకి రాలేదు, తండ్రి చెయ్యి ఇవ్వవలసిన చోటుకి చేరలేదు. చొక్కా ఇద్దరి మధ్యా వేలాడింది. ఇంకోసారి ప్రయత్నించారు. వేరెవరైనా చూస్తే నవ్వేవాళ్ళే.

మామగారు చొక్కా వదిలేశారు. చుట్టూ తిరిగి వచ్చి కొడుకు ఎదురుగా నిలబడ్డారు.

"చెయ్యి ఎత్తు," అన్నారు.

"బానే ఉంది నాన్నా."

"ఎత్తమన్నాను."

ఎత్తాడు. భుజం దాకా వచ్చి ఆగింది. మామగారు తన చెయ్యి ఎత్తి దాని పక్కన పెట్టారు. ఆయనది ఛాతీ దాకా వచ్చి ఆగింది. రెంటి మధ్యా జానెడు తేడా కూడా లేదు. ఆయన ఆ రెండు చేతుల్నీ చాలాసేపు చూశారు.

"నాకు ఇక్కడికి రావడానికి ముసలితనం దాకా పట్టిందిరా," అన్నారు. "నీకప్పుడే వచ్చేసింది."

నేను లేచి వెళ్ళి చొక్కా తొడిగాను. ముందు మా ఆయనకి, తర్వాత మామగారికి.

మామగారు నేల మీద చతికిలబడి, పాత సంచిని తన వైపు లాక్కున్నారు. "ఈ రోజు పనేంటి?" అని అడిగారు.

"తలుపులు. బందులు, గొళ్ళేలు."

"మరి ఇంత పెద్ద రంపం ఎందుకు?" అది పక్కకి వచ్చింది. సుత్తుల్లో ఒకటి కొత్త సంచిలోకి వెళ్ళింది, రెండు మంచం కిందికి వెళ్ళాయి. తాళం చెవుల గుత్తి తీసి, "ఇవెవరివిరా?" అన్నారు. తెలియదన్నాడు. వంగిన మేకులు నా వైపు జరిపారు, పారెయ్యమని. అడుగున ఉన్న చిత్రిక తీసినప్పుడు మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది ఉండనీ నాన్నా. నీది."

"నాదే. అయితే నన్ను కూడా సంచిలో వేసుకుని మోస్తావా?" అన్నారు మామగారు. దాన్ని తన తలగడ పక్కన పెట్టుకున్నారు.

ఉలులకి నేను తొడుగులు తొడిగాను. అంత తీసేసినా కొత్త సంచి నిండగా, మెషిను పెట్టె, బందుల డబ్బా, మట్టం కర్ర మిగిలాయి. అవి రెండో ట్రిప్పు. మా ఆయన వాటిని చూస్తూ నిలబడ్డాడు. ఏం ఆలోచిస్తున్నాడో నాకూ తెలుసు, మామగారికీ తెలుసు. కొత్త మేడ, కూలీలు, లారీలు, ఎవరు వస్తున్నారో ఎవరు పోతున్నారో పట్టించుకునేవాళ్ళుండరు.

"నేను కూర్చుంటాను కింద," అన్నారు మామగారు, చెప్పులు వెతుక్కుంటూ.

మధ్యాహ్నం ఇద్దరికీ భోజనం క్యారియరు పట్టుకుని వెళ్ళాను. మేడంతా సిమెంటు దుమ్ము. మెట్ల కింద, తిరగేసిన రంగు డబ్బా మీద మామగారు కూర్చున్నారు. కాళ్ళ దగ్గర బందుల డబ్బా, మెషిను పెట్టె, వాటి మీద అడ్డంగా మట్టం కర్ర. ఎవరు దాటినా తలెత్తి, వాళ్ళు మెట్లెక్కిందాకా చూసి గాని కన్ను తిప్పడం లేదు. నేను వస్తుంటే నన్ను కూడా అలాగే చూశారు.

అప్పుడే మా ఆయన కిందికి దిగాడు. పొద్దున సంచిలో పట్టినన్ని బందులతో, స్టూలెక్కి, మెషిను లేకుండా చేత్తోనే కొన్ని తలుపులు బిగించాడట, ఆ బందులు నిండుకున్నాయి. వీపు మీద సంచి లేదు, చేతులు ఊపుకుంటూ దిగాడు. అలా దిగడం నేను చూసింది అదే మొదటిసారి. డబ్బా కోసం వంగబోతే మామగారు కర్రతో ఆపారు.

"నడుం కాదు, మోకాళ్ళు వంచు."

ఆయన మోకాళ్ళు వంచి, తండ్రికి ఎదురుగా అలాగే మునికాళ్ళ మీద ఉండిపోయాడు. మామగారు ఆ పెట్టెల మీదే చూపు పెట్టుకుని, మెల్లిగా అన్నారు.

"నాకప్పుడు కింద కూర్చునే మనిషి లేడురా. ఎవరినైనా అడగాలని కూడా నాకు తోచలేదు."

అప్పుడు, పెళ్ళయినప్పటి నుంచి మా ఆయన నోట నేను ఒక్కసారి కూడా వినని మాట విన్నాను.

"నా ఒక్కడి వల్ల కాదు నాన్నా," అన్నాడు. "రేపు కూడా రా."

నాకు ఏడుపొచ్చింది, అక్కడే నిలబడి ఏడ్చాను, అందులో సిగ్గుపడేదేముంది. మామగారు నా వైపు చూడకుండా మట్టం కర్రని మళ్ళీ పెట్టె మీద సర్దారు.

"వస్తాను," అన్నారు. "ముందు ఆ డబ్బా పైన పెట్టి రా, అన్నం తిందాం. ఇవి నేను చూసుకుంటాను."